చెప్పగా విన్న చరిత్ర

పాఠ్యోద్దేశం

గ్రంథాలలోనూ శాసనాలలోనూ చోటు దొరకని సామాన్యుల జీవితానుభవాలను వారి నోటనే విని భద్రపరచడాన్ని మౌఖిక చరిత్ర అంటారు. ఓరుగల్లు పరిసరాలకు చెందిన ఉదాహరణల ద్వారా ఆ ప్రక్రియ స్వరూపాన్ని, ప్రయోజనాన్ని, అందులో పాటించవలసిన నియమాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఓరుగల్లును రాజధానిగా చేసుకొని పాలించిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో తూర్పు సముద్రతీరంలోని మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ శాసనం ద్వారా సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. కాకతీయుల వాణిజ్యనీతికి ఈ శాసనం గొప్ప సాక్ష్యం. అయితే దీనిని చదివినవారి మనస్సులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ తుపానులలో ఓడలు నడిపినవారు ఎవరు? సర్వస్వం కోల్పోయి ఒడ్డుకు చేరిన నావికుడు ఏమనుకొన్నాడు? అతని రాకకోసం ఎదురుచూసిన ఇల్లాలు ఏ కష్టాలు పడింది? వీటికి శాసనం సమాధానం చెప్పదు. అందులో రాజు గొంతు వినిపిస్తుంది. సముద్రాన్ని నమ్ముకొని బతికినవాని గొంతు వినిపించదు.

ఇది ఒక్క మోటుపల్లి శాసనానికే పరిమితమైన లోపం కాదు. లిపి ఎవరి అధీనంలో ఉంటే చరిత్ర వారి పక్షాన మాట్లాడుతుంది. రాళ్లమీద చెక్కించగలిగినవారు, తాటాకులమీద రాయించగలిగినవారు, కార్యాలయాలలో దస్తావేజులు భద్రపరచుకోగలిగినవారు చరిత్రకెక్కారు. నాగలి పట్టినవారు, మగ్గం నేసినవారు, బట్టలుతికినవారు, వల విసిరినవారు ఎక్కలేదు. వారికి అనుభవం లేక కాదు, అక్షరం లేక. వారి చరిత్ర అంతా వారి నోటిలోనే ఉండిపోయింది. చెప్పినవారు కన్నుమూస్తే దానితోపాటు అదీ మట్టిలో కలిసిపోయింది.

నోటి మాటను గ్రంథస్థం చేయడం తెలుగువారికి కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు భక్తుల నోట వ్యాపించిన శివభక్తుల గాథలను గ్రహించి, దేశీయమైన ద్విపదలో బసవపురాణంగా మలిచాడు. ఆ గాథలలో రాజులకంటె కులవృత్తులవారికీ స్త్రీలకూ ఎక్కువ చోటు దక్కింది. ఆధునిక కాలంలో వరంగల్లు ప్రాంతంలోని దేవనూరులో జన్మించిన ఆచార్య బిరుదురాజు రామరాజు పల్లెల్లోని పాటలను సేకరించి పరిశోధించాడు. 1958లో వెలువడిన ఆయన సిద్ధాంతగ్రంథం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఆ రంగంలో తరువాతివారికి దారి చూపింది. మేడారంలో కొలువైన సమ్మక్క సారలమ్మల కథ తరతరాలుగా కోయల నోటనే నిలిచింది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. పాట, గాథ, పురాణం ఒక సమూహం సొత్తు. వాటిని ఎవరు మొదట చెప్పారో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. అది మౌఖిక సాహిత్యం. మౌఖిక చరిత్ర అలాంటిది కాదు. తాను కళ్లారా చూసినదాన్ని, స్వయంగా అనుభవించినదాన్ని ఒక వ్యక్తి తన పేరుతో చెప్పడం, దానిని మరొకరు శ్రద్ధగా విని నమోదు చేయడం అందులో ప్రధానం. చెప్పేవారు ఎంత ముఖ్యమో వినేవారూ అంతే ముఖ్యం. సరైన వేళకు సరైన ప్రశ్నతో వినేవారు రాకపోతే ఆ చరిత్ర పుట్టదు.

తెలుగునాట అలా వేళకు వెళ్లి విన్నవారి కృషికి చక్కని నిదర్శనం ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథం. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవితకథనాలు ఇందులో ఉన్నాయి. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళాబృందం వీటిని సేకరించి 1986లో ప్రకటించింది. 1989లో ఈ కథనాలు ఆంగ్లంలోనూ గ్రంథరూపంలో వెలువడ్డాయి. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న ఈ కృషిలో పాలుపంచుకొన్నారు. వీరిలో ఒకరు వైద్యురాలు, ఒకరు ఆంగ్ల సాహిత్య అధ్యాపకురాలు, మరొకరు రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు. వీరు ఏ ప్రభుత్వ ఉత్తర్వు వల్లనో ఈ పనికి పూనుకోలేదు. తమకంటె ముందు తరం స్త్రీలు ఏం చేశారో తెలుసుకోవాలనే తపనే వీరిని పల్లెలకు నడిపించింది.

ఆ పోరాటంపై అంతకుముందు గ్రంథాలు లేకపోలేదు. నాయకులు తమ అనుభవాలను రాశారు. 1972లో వెలువడిన పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం వాటిలో ప్రసిద్ధమైనది. సుమారు మూడు వేల గ్రామాలలో ప్రజారాజ్యం ఏర్పడిందనీ, పది లక్షల ఎకరాల భూమి పంచారనీ, నాలుగు వేలమంది ప్రాణాలు కోల్పోయారనీ ఆయన పేర్కొన్నాడు. స్త్రీల సాహసాన్ని కొనియాడుతూ ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కూడా రాశాడు. అయితే ఒకరు మనలను గురించి చెప్పడం వేరు, మనం చెప్పుకోవడం వేరు. స్త్రీశక్తి సంఘటనవారు ఆ స్త్రీలను గురించి రాయలేదు. వారినే మాట్లాడమన్నారు, వారి మాటలను వారి మాటలుగానే అచ్చువేశారు.

అలా మాట్లాడినవారిలో పాలకుర్తికి చెందిన చిట్యాల ఐలమ్మ ఒకరు. పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధమైన పాలకుర్తే ఇది. అప్పుడు జనగామ తాలూకాలో ఉండేది. నేడు జనగామ జిల్లాలో ఉంది. చాకలి వృత్తి ఆ కుటుంబానిది. ఆనాడు గ్రామంలోని వృత్తులవారందరూ దొరల ఇళ్లలో వెట్టి చేయవలసిందే. ‘నీ బాంచన్ కాల్మొక్త’ అనడం తప్ప ఎదురు మాట్లాడే వీలు లేని కాలమది. అలాంటి కాలంలో ఐలమ్మ భూమిని కౌలుకు తీసుకొని సాగుచేసింది; ఆంధ్రమహాసభలో చేరింది. ‘సంఘం’ అని ప్రజలు పిలుచుకొన్నది ఈ మహాసభనే. చాకలి ఇంటి ఆడది సొంతంగా సేద్యం చేయడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపైంది. పండిన పంటను కోసుకొని రమ్మని అతడు మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తరిమివేసి పంటను ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తరువాత ఆమె కుటుంబం అనేక వేధింపులకు గురైంది. అయినా ఆమె భూమిని వదలలేదు. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో ఆ ప్రాంతమంతా రగిలిపోయింది.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. గ్రంథం వెలువడినది 1986లో. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మౌఖిక చరిత్రకారుల పని ఎంత తొందరతో కూడినదో బోధపడుతుంది. వారు కొన్నేళ్లు ఆలస్యంగా బయలుదేరి ఉంటే ఐలమ్మను గురించి మనకు ఇతరులు చెప్పిన మాటలే మిగిలేవి. ఆమె మాట మిగిలేది కాదు. నేడు ఆమె విగ్రహాలు వెలిశాయి. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. విగ్రహం గౌరవాన్ని నిలుపుతుంది, గొంతును నిలపలేదు. గొంతును నిలిపినది ఆనాడు ఆమె ముందు కూర్చొని ఓపికతో విన్నవారే.

ఆ గ్రంథంలోని మరొక కథనం కమలమ్మది. ఆమె తల్లి దొరల ఇంట ఆడబాప. అనగా దొరసాని వెంట దాసిగా పంపబడిన స్త్రీ. అలాంటి పుట్టుకనుండి వచ్చిన కమలమ్మ ఉద్యమంలో చేరి దళంతోపాటు అడవులలో తిరిగింది. చంటిబిడ్డ ఏడుపు వినిపిస్తే పోలీసులు పసిగడతారు. దళంలోని అందరి ప్రాణాలకూ ముప్పు వస్తుంది. అందువల్ల ఆమె తన బిడ్డను ఇతరుల చేతులలో పెట్టవలసి వచ్చింది. పోరాట చరిత్రలలో సాధారణంగా దాడులు, ఎదురుదాడులు, తీర్మానాలు, విరమణలు కనిపిస్తాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిందనీ, 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారనీ తెలుస్తుంది. ఒక తల్లి బిడ్డను ఇచ్చివేసిన రోజు ఏ తీర్మానంలోనూ ఉండదు. అయితే పోరాటానికి ప్రజలు చెల్లించిన మూల్యమెంతో ఆ రోజును గురించి తెలియకుండా లెక్కకట్టలేము.

ఈ స్త్రీలు తమ సాహసాన్ని మాత్రమే చెప్పుకోలేదు. తమ నిరాశనూ చెప్పారు. తుపాకి పట్టినప్పుడు, రాత్రివేళ వార్తలు మోసినప్పుడు, అజ్ఞాత నాయకులకు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చినప్పుడు తాము సమానులమనిపించిందనీ, పోరాటం ముగియగానే మళ్లీ ఇంటికి, వంటకు మరలవలసి వచ్చిందనీ పలువురు బాధతో చెప్పారు. తాము అభిమానించిన ఉద్యమాన్నే ప్రశ్నించే ఈ మాటలను సంకలనకర్తలు దాచలేదు. చెప్పినవారి గౌరవార్థం మంచిని మాత్రమే ఉంచి, తక్కినది తీసివేస్తే అది ప్రశంస అవుతుంది కాని చరిత్ర కాదు.

మౌఖిక చరిత్రపై ఒక ఆక్షేపణ తరచుగా వినిపిస్తుంది. మనిషి జ్ఞాపకం నమ్మదగినదేనా? ఏళ్లు గడిచినకొద్దీ తేదీలు తారుమారవుతాయి. చూసినదీ విన్నదీ కలిసిపోతాయి. ఈ ఆక్షేపణ నిజమే. అయితే జ్ఞాపకంలోని పొరపాటు కూడా ఒక్కొక్కప్పుడు విలువైన సాక్ష్యమవుతుంది. ఇటలీ దేశంలోని టెర్ని పట్టణంలో లూయీజీ ట్రస్తుల్లి అనే యువ కార్మికుడు 1949లో ఒక నిరసన ప్రదర్శనలో పోలీసుల చేతిలో మరణించాడు. ఏళ్ల తరువాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఆ ఊరి కార్మికులను ప్రశ్నించగా, చాలామంది ఆ మరణం 1953లో జరిగిందని చెప్పారు. 1953లో ఆ ఊరి ఉక్కు కర్మాగారం నుండి వేలాదిమందిని తొలగించారు. తమ జీవితంలో అతి పెద్ద గాయమైన ఆ సంఘటనతో ఆ మరణాన్ని వారి మనస్సు ముడివేసుకొన్నది. తేదీ తప్పే, కాని తమకు ఏది ఎక్కువ బాధ కలిగించిందో ఆ తప్పు ద్వారానే వారు చెప్పారు. కనుక చెప్పినదాన్ని పత్రాలతో సరిచూడాలి. తేడా కనిపిస్తే ‘అబద్ధం’ అని పారవేయకుండా, ఆ తేడా ఎందుకు వచ్చిందని ఆలోచించాలి. సత్యాన్వేషణలో ఇది ముఖ్యమైన మెట్టు.

మన పల్లెల్లో వయోవృద్ధులు కాలాన్ని అంకెలతో లెక్కించరు. తెలంగాణలో ‘రజాకార్ల కాలం’ అంటారు. కృష్ణాజిల్లా దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చిన తుపాను వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అక్కడివారు ‘ఉప్పెన ముందు’, ‘ఉప్పెన తరువాత’ అంటారు. ఇలాంటి మాటలు దొరికినప్పుడు వినేవారు వాటిని సంవత్సరంలోకి మార్చి రాసి ఊరుకోకూడదు. చెప్పినవారి మాటను అలాగే ఉంచి, సంవత్సరాన్ని పక్కన చేర్చాలి. వారి కాలగణన కూడా వారి చరిత్రలో భాగమే. ఆనాటి ఉప్పెనలో ఎన్ని ఇళ్లు కూలాయో ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. ఏ చెట్టును పట్టుకొని ఆ రాత్రి గడిపారో, మరునాడు ఎవరిని వెతుక్కొంటూ తిరిగారో బతికి బయటపడినవారే చెప్పాలి. మోటుపల్లి శాసనం చెప్పలేని దానిని దివిసీమ జాలరి చెప్పగలడు. అతడు ఉన్నప్పుడే మనం వెళ్లి అడగాలి.

ప్రపంచంలోని ఇతర దేశాలూ ఈ అవసరాన్ని గుర్తించాయి. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఆ బానిసత్వాన్ని అనుభవించి బతికి ఉన్న వృద్ధుల మాటలను 1936-38 మధ్య ఊరూరా తిరిగి నమోదు చేశారు. అలా రెండు వేల మూడు వందలకు పైగా కథనాలు సమకూరాయి. అప్పటికి చెప్పేవారిలో అనేకులు ఎనభై ఏళ్లు దాటినవారు. మరో పదిహేనేళ్లు ఆగి ఉంటే అడగడానికి దాదాపు ఎవరూ మిగిలేవారు కాదు. మన దేశంలో 1947 నాటి విభజన బాధితుల మాటలను విని ఊర్వశీ బుటాలియా 1998లో ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించింది. తెలుగులో మల్లు స్వరాజ్యం జీవితకథ ‘నా మాటే తుపాకీ తూటా’ కూడా ఆమె చెప్పగా ఇతరులు అక్షరబద్ధం చేసినదే. అది 2019లో వెలువడింది. ఆమె 2022లో మరణించింది.

ఈ పనికి పాండిత్యంకంటె ఓర్పు, నిజాయితీ అవసరం. మొదట చెప్పేవారి అనుమతి తీసుకోవాలి. వారి మాటలను దేనికి ఉపయోగిస్తారో స్పష్టంగా చెప్పాలి. పేరు వద్దంటే పేరు రాయకూడదు. నమోదు ప్రారంభంలోనే తేదీ, స్థలం, చెప్పేవారి వివరాలు పలకాలి. ‘ఆ రోజులలో చాలా బాధపడ్డారు కదా?’ అని అడిగితే ‘అవును’ అనే జవాబే వస్తుంది. ‘ఆ రోజులలో మీ ఇంట్లో తెల్లవారితే ఏం జరిగేది?’ అని అడిగితే ఒక జీవితం కళ్లముందు నిలుస్తుంది. చెప్పేవారు మాట మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకూడదు. ఆ మౌనం వెనుక చెప్పలేని సంగతి ఉండవచ్చు. వారికి బాధ కలిగించే విషయాన్ని వద్దన్నా తవ్వడం తగదు. రాసేటప్పుడు వారి యాసను దిద్ది గ్రంథభాషలోకి మార్చకూడదు. యాసను తీసివేస్తే మనిషిని తీసివేసినట్లే. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, తప్పులుంటే వారితోనే సరిచేయించాలి. చివరగా దానికి ప్రతులు తీసి గ్రంథాలయంలోనో కళాశాలలోనో భద్రపరచాలి. ఒకప్పుడు టేప్ రికార్డరు మోసుకొని వెళ్లవలసి వచ్చేది. నేడు ఆ సౌకర్యం అందరి జేబులోని సెల్‌ఫోనులోనే ఉంది. కొరవడినది యంత్రం కాదు, వినే తీరిక.

వరంగల్లు విద్యార్థికి ఇందుకోసం దూరం వెళ్లవలసిన పని లేదు. 1934లో ప్రారంభమై వేలాది కుటుంబాలకు అన్నం పెట్టి, తరువాత మూతపడిన ఆజంజాహీ మిల్లులో పనిచేసినవారు ఈ నగరపు వాడలలోనే ఉన్నారు. సైరను మోతతో ఊరు ఎలా మేల్కొనేదో, మిల్లు మూసిన నాడు ఇంటిలో పొయ్యి ఎలా వెలిగిందో వారు చెప్పగలరు. తివాచీలు నేసినవారు, బీడీలు చుట్టినవారు, చెరువులలో చేపలు పట్టినవారు, బతుకమ్మ పాటలు కట్టిన నానమ్మలు, అమ్మమ్మలు ప్రతి వీథిలోనూ ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు కనుకనే వారు చెప్పలేదు.

ఓరుగల్లు కోటలోని రాతి తోరణాలు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. రేపు చూసినా కనిపిస్తాయి. మనిషి జ్ఞాపకం రాయి కాదు. అది ఒక్క శ్వాసపై ఆధారపడి ఉంటుంది. ఆ శ్వాస ఉండగానే వెళ్లి, పక్కన కూర్చొని, విని, రాసిపెట్టినవారే తమ తరం రుణాన్ని తీర్చుకొన్నవారు.

కఠిన పదాలకు అర్థాలు

అభయశాసనం – భయం వద్దని హామీ ఇస్తూ వేయించిన శాసనం
సుంకం – సరకుపై విధించే పన్ను
దస్తావేజు – ఆధారపత్రం
గ్రంథస్థం చేయు – గ్రంథంలో చేర్చు, రాసి నిలుపు
కౌలు – ఇతరుల భూమిని ప్రతిఫలమిచ్చి సాగుచేసుకొనే ఒప్పందం
వెట్టి – కూలి ఇవ్వకుండా చేయించుకొనే చాకిరి
కంటగింపు – ఓర్వలేనితనం కలిగించేది
ఆక్షేపణ – అభ్యంతరం
ఉప్పెన – సముద్రం పొంగి భూమిపైకి రావడం
యాస – ఒక ప్రాంతంవారు మాట్లాడే తీరు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘మనకు తెలియని మన చరిత్ర’ గ్రంథం ప్రత్యేకతను పాఠం ఆధారంగా వివరించండి.
2. మౌఖిక చరిత్రను సేకరించేవారు పాటించవలసిన నియమాలను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోటుపల్లి శాసనం ద్వారా తెలిసే విషయాలేవి? తెలియని విషయాలేవి?
2. మౌఖిక సాహిత్యానికీ మౌఖిక చరిత్రకూ గల భేదమేమి?
3. జ్ఞాపకంలోని పొరపాటు కూడా సాక్ష్యమే అనడానికి పాఠంలో ఇచ్చిన ఉదాహరణను వివరించండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బిరుదురాజు రామరాజు జన్మించిన గ్రామం ఏది?
2. దొడ్డి కొమరయ్య ఏ గ్రామంలో నేలకొరిగాడు?
3. దివిసీమ ఉప్పెన ఏ సంవత్సరంలో వచ్చింది?
4. ఆజంజాహీ మిల్లు ఎప్పుడు ప్రారంభమైంది?

IV. సంధులు
జీవితానుభవం = జీవిత + అనుభవం – సవర్ణదీర్ఘ సంధి
సత్యాన్వేషణ = సత్య + అన్వేషణ – సవర్ణదీర్ఘ సంధి
పాఠ్యోద్దేశం = పాఠ్య + ఉద్దేశం – గుణ సంధి
వయోవృద్ధులు = వయః + వృద్ధులు – విసర్గ సంధి
చరిత్రకెక్కు = చరిత్రకు + ఎక్కు – ఉత్వ సంధి

V. సమాసాలు
సముద్రతీరం – సముద్రం యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
వాణిజ్యనీతి – వాణిజ్యమందు నీతి – సప్తమీ తత్పురుష సమాసం
నాలుగు వేలు – నాలుగు సంఖ్యగల వేలు – ద్విగు సమాసం
సమ్మక్క సారలమ్మలు – సమ్మక్కయు సారలమ్మయు – ద్వంద్వ సమాసం

VI. భాషాకార్యం
మీ కుటుంబంలోని లేదా మీ వీథిలోని వృద్ధులలో ఒకరి అనుమతితో వారి బాల్యాన్ని గురించి అరగంటసేపు విని, వారి మాటలలోనే రెండు పుటలు రాయండి. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలను చేర్చండి.